నర్సయ్య పట్టాలు, బుల్లిబాబు సంతకం

బాలానగర్‌లో షెడ్డు పెట్టుకున్న ప్రతివాడి దగ్గరా నాలుగైదు పాత ఫ్లెక్సీలుంటాయి. ఎన్నికలయ్యాకో పెళ్ళిళ్ళయ్యాకో దించేసిన బ్యానర్లు. అవి ఎండకూ వానకూ కాదు. బయటివాడెవడైనా షెడ్డు ముందు నుంచి పోతుంటే, మెషీన్ పక్కన పేర్చిన సరుకు మీద గబుక్కున కప్పడానికి. ఎవరి పని చేస్తున్నామో, ఎంత చేస్తున్నామో ఎదుటివాడికి తెలిసిందంటే వచ్చే కొటేషన్‌లో వాడు మనకంటే ఓ మెట్టు కింద రేటు వేస్తాడు. నర్సయ్య షెడ్డులో ఓ మాజీ కార్పొరేటర్ పుట్టినరోజు ఫ్లెక్సీ పదేళ్ళుగా ఈ సేవ చేస్తోంది. పదవి పోయినా ఆయన నవ్వు మాత్రం పోలేదు.

నర్సయ్యది దుబ్బాక పక్కన చిన్న ఊరు. పదిహేడో ఏట బాలానగర్ వచ్చి, ఓ ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ల కింద పడే ఇనుప తురుము ఊడ్చే పనిలో చేరాడు. ఊడుస్తూ ఊడుస్తూ పై పని చూసి నేర్చుకున్నాడు. ఇరవై నాలుగో ఏట మంచి టర్నర్ అనిపించుకున్నాడు. నలభై దాటాక, పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడితే, అందులోని పాత లేత్ ఒకటి కొనుక్కొని కిరాయి షెడ్డులో సొంతంగా మొదలుపెట్టాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. షెడ్డులో రెండు కంప్యూటర్ మెషీన్లున్నాయి, తొమ్మిది మంది పనివాళ్ళున్నారు. పాలిటెక్నిక్ చదివిన కూతురు అఖిల ఆ మెషీన్లకు ప్రోగ్రాములు రాస్తుంది. భార్య అంజమ్మ సరుకు తుడిచి, కాగితం చుట్టి, పెట్టెల్లో సర్దుతుంది. చేతిలో పనుంది, ఇంట్లో మాట వినేవాళ్ళున్నారు, ఇంతకంటే ఏం కావాలి మనిషికి? ఏమీ అక్కర్లేదు, ఎదుటి షెడ్డులో బుల్లిబాబు లేకపోతే.

బుల్లిబాబుది ద్రాక్షారామం వైపు. ఇంజనీరింగ్ చదువుకున్నవాడు, నిజాంపేటలో సొంత ఫ్లాటు ఉన్నవాడు, అందరినీ 'అండీ' అని మర్యాదగా పిలుస్తూనే మర్యాదగా ఆర్డర్లు ఎగరేసుకుపోయేవాడు. అతని షెడ్డుకూ నర్సయ్య షెడ్డుకూ మధ్య ఇరవై అడుగుల రోడ్డు. పదహారేళ్ళుగా ఇద్దరిదీ ఒకే రకం పని. అల్యూమినియం, స్టీలు ముక్కల్ని వెంట్రుక మందం తేడా రాకుండా కోయడం, రంధ్రాలు వేయడం. ఇద్దరూ ఒకే బండి దగ్గర చాయ్ తాగుతారు గానీ ఒకరు వచ్చారని రెండోవారు గ్లాసు త్వరగా ఖాళీ చేస్తారు. దసరాకి మెషీన్లకు పూజ చేసి ఇద్దరూ ఆ రోడ్డు మీదే గుమ్మడికాయ కొడతారు. ఎవరి కాయ పెద్దదో పక్కకు చూసుకొని మరీ కొడతారు. ఎనిమిదేళ్ళ కిందట నర్సయ్య దగ్గర పని నేర్చుకున్న భాస్కర్ అనే కుర్రాణ్ణి బుల్లిబాబు తన వైపు లాక్కున్నాడు. ఆ రోజు నుంచి నర్సయ్య ఎదుటి షెడ్డు గుమ్మం తొక్కలేదు. తొక్కనని అంజమ్మ మీద ఒట్టు కూడా వేశాడు. అంజమ్మ, ఒట్టు నా మీదెందుకు, ఆ భాస్కర్ మీద వెయ్యరాదూ అంది.

ఇలాంటి ఇద్దరికీ ఒకే కంపెనీ పని ఇచ్చింది. ఆ కంపెనీ ఆఫీసు రాయదుర్గంలో మెట్రో స్టేషన్ పక్కన గాజు మేడలో పదకొండో అంతస్తు. వాళ్ళు దవాఖానల్లో రోగిని పడుకోబెట్టి స్కానింగ్ మెషీన్ లోపలికి తోసే బల్లలు తయారుచేస్తారు. బల్ల జారడానికి కింద రెండు అల్యూమినియం పట్టాలుండాలి. ఒక్కో పట్టా మీటరు పైన పొడవు, దాని మీద వరసగా పదమూడు రంధ్రాలు. ఆ పట్టాల ఆర్డరు సగం నర్సయ్యకు, సగం బుల్లిబాబుకు పంచారు. ఎందుకంటే ఒకడే ఉంటే నెత్తికెక్కుతాడు, ఇద్దరుంటే ఒకణ్ణి చూసి ఒకడు భయపడతాడు. కొనేవాడి తెలివి ఎప్పుడూ ఇంతే.

అప్పటికి నర్సయ్య పాత ఖాతాదారులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఒకరు మూసేశారు, ఒకరు పుణె వెళ్ళిపోయారు. పట్టాల పనే షెడ్డును నడిపిస్తోంది. ఈ ఆర్డరు పోతే తొమ్మిది మందికీ నమస్కారం పెట్టి పంపేసి, తను మళ్ళీ ఎవరి దగ్గరో లేత్ తిప్పడానికి పోవాల్సిందే. ఈ సంగతి అంజమ్మకు తెలుసు, అఖిలకు తెలుసు, చెప్పకపోయినా పనివాళ్ళందరికీ తెలుసు.

చలికాలమంతా పని సాఫీగా సాగింది. మే నెల రెండో వారంలో రాయదుర్గం నుంచి కబురొచ్చింది, ఇద్దరూ కలిసి రమ్మని. పదకొండో అంతస్తులో కిరణ్మయి అనే ఇంజనీరు వాళ్ళ ముందు నాలుగు పట్టాలు పెట్టింది. ముప్పై ఐదేళ్ళుంటాయి, మాట తక్కువ మనిషి.

"బల్లలు కొన్ని జారుతున్నాయి, కొన్ని మధ్యలో పట్టేస్తున్నాయి. రెండు పట్టాలూ నర్సయ్య గారివే అయితే జారుతోంది. రెండూ బుల్లిబాబు గారివే అయినా జారుతోంది. ఒకటి మీది, ఒకటి ఆయనది కలిస్తే పట్టేస్తోంది. స్టోర్స్‌లో అన్నీ కలిపి పెడతారు కదా. ఏది ఎవరిదో చూసి బిగించాలంటే నా వల్ల కాదు," అంది.

"నా పట్టాలు మెషీన్ మీద కొలిచి పంపిస్తానండి. రిపోర్టు కూడా జతచేస్తాను," అన్నాడు బుల్లిబాబు.

"రంధ్రాలు కొలిచే గేజు నా చేతితోని చేసుకున్న మేడం. పదకొండు రోజులు పట్టింది. అది తప్పు చూపియ్యదు," అన్నాడు నర్సయ్య.

"అంటే ఇద్దరూ కరెక్టే. బల్ల ఒక్కటే తప్పు," అంది కిరణ్మయి. తర్వాత పదిహేను రోజులు గడువిచ్చింది. కారణం తెలుసుకొని వచ్చి చెబితే సరే, లేకపోతే మొత్తం పని కోయంబత్తూరు పంపేస్తానంది.

పిట్ట పోరూ పిట్ట పోరూ పిల్లి తీర్చిందని సామెత. ఆ ఆఫీసులో పిల్లి వేరే ఉంది. పర్చేజ్ మేనేజరు భీమేశ్వరరావు. ఆయన నర్సయ్యను లిఫ్టు దాకా సాగనంపుతూ భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడు నర్సయ్యా, తప్పు ఆయనదని నువ్వు చూపించగలిగితే ఆ సగం కూడా నీకే వస్తుంది. ఆలోచించుకో," అన్నాడు మెల్లగా.

నర్సయ్య తల ఊపాడు. లిఫ్టు కిందికి దిగుతుంటే తట్టింది. ఇదే మాట ఆయన బుల్లిబాబుకూ చెప్పి ఉంటాడని.

మూడు రోజులు రెండు షెడ్లలోనూ ఎవరి పట్టాలు వాళ్ళు తిప్పితిప్పి కొలుచుకున్నారు. ఎవరి లెక్కలో వాళ్ళవి సరిగ్గానే ఉన్నాయి. నాలుగో రోజు నర్సయ్యకు ఫోనొచ్చింది. తల ఎత్తితే రోడ్డు అవతల, తన షెడ్డు గుమ్మంలో, ఫోను చెవిన పెట్టుకొని నిలబడ్డ బుల్లిబాబు కనిపిస్తున్నాడు.

"నర్సయ్య గారూ, బుల్లిబాబునండి."

"కనబడుతున్నరు. చెప్పుండ్రి."

"మీ పట్టా, నా పట్టా పక్కపక్కన పెట్టి కొలిస్తే గానీ ఇది తేలదండి. మీరు నా గదికి రండి. నేను మీ షెడ్డుకి వస్తాను."

"నా షెడ్డుల ఏమున్నది చూడనీకె?"

"ఏమీ లేకపోతే మరి భయం దేనికండి?"

నర్సయ్య ఫోను పెట్టేశాడు. అఖిల కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే అంది, "పో బాపూ. నువ్వు పోకుంటే రెండు షెడ్లూ పోతయి."

"ఒట్టు పెట్టుకున్న గదనే."

"నా మీద పెట్టిన ఒట్టే గద, నేనే తీసేస్తున్న. పో," అంది అంజమ్మ. ఇలా ఎనిమిదేళ్ళ ఒట్టు ఒక్క మాటతో తీరిపోయింది.

బుల్లిబాబు షెడ్డులో ఓ మూల గాజు తలుపుల గది ఉంది. అందులో ఏసీ ఎప్పుడూ ఆగదు. మధ్యలో నల్లరాయి బల్ల, దాని మీద సన్నటి సూది మొనతో రంధ్రాల్ని తాకి కొలతలు చెప్పే మెషీన్. దాని ముందు భాస్కర్ ఉన్నాడు. నర్సయ్య చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే భాస్కర్ లేచి నిలబడి, "రా సేటు," అన్నాడు. అన్నాక తన ప్రస్తుత సేటు పక్కనే ఉన్నాడని గుర్తొచ్చి తల గోక్కున్నాడు. నర్సయ్య వాడి కేసి చూడనట్టు చూశాడు. కుర్రాడు లావెక్కాడు.

బుల్లిబాబు మనిషి ఒకడు షెడ్డులో మెషీన్ మీద నుంచి అప్పుడే దించిన పట్టాను గాలి కొట్టి తుడిచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. భాస్కర్ మీట నొక్కబోయాడు.

"ఆగు," అన్నాడు నర్సయ్య. పట్టా మీద అరచెయ్యి పెట్టాడు. అప్పుడే పెనం మీద నుంచి తీసిన జొన్నరొట్టెలా వెచ్చగా ఉంది. "ఎప్పుడూ గిట్లనే కొలుస్తరా? దించంగనే?"

"వెంటనే కొలిస్తే తేడా ఉన్నా వెంటనే దిద్దుకోవచ్చు కదండి," అన్నాడు బుల్లిబాబు.

"బయట నలభై మూడు డిగ్రీలున్నది. మీ గది సల్లగున్నది, మీ రాయి సల్లగున్నది. ఈ పట్టా వేడి మీదున్నది. వేడి మీద లోహం పెరుగుతది గద బుల్లిబాబు గారూ. పెరిగిన పట్టాను కొలిచి, పొడుగైందని మెషీన్‌ల దిద్దుతున్నరు. సల్లారినంక అది పొట్టిదైతది."

బుల్లిబాబు పట్టా మీద చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కాలేజీలో మొదటి సంవత్సరమే చదువుకున్న పాఠం అది. అంత ఖరీదైన మెషీన్ కొని, దాని చుట్టూ గది కట్టి, పట్టాను చల్లారనివ్వడం ఒక్కటి మరిచాడు. చలికాలంలో ఈ తేడా తెలియలేదు, ఎండలొచ్చాక బయటపడింది.

నర్సయ్యకు లోపల సంతోషమేసింది, దాచడమెందుకు. తిరిగి రోడ్డు దాటుతుంటే కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. లిఫ్టు దగ్గర ఆ పిల్లి భీమేశ్వరరావు అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ సంతోషం గంటన్నరకు మించి నిలవలేదు, ఎందుకంటే మాట ప్రకారం బుల్లిబాబు ఇటు వచ్చాడు.

అతను గుమ్మంలోకి రాగానే అంజమ్మ అలవాటు కొద్దీ కార్పొరేటర్ ఫ్లెక్సీ లాగి పట్టాల మీద కప్పేసింది. నర్సయ్య సైగ చేస్తే మళ్ళీ తీసింది. బుల్లిబాబు దేనికీ తొందరపడలేదు. పైకి చూశాడు, రేకుల కప్పు. గోడకు వేలాడుతున్న గేజును అడిగి చేతిలోకి తీసుకున్నాడు. రెండు చివర్లా పిన్నులున్న పొడవాటి స్టీలు కమ్మీ. పట్టా మొదటి రంధ్రంలో ఒక పిన్ను, చివరి రంధ్రంలో ఒక పిన్ను దిగితే పట్టా సరైనదని లెక్క.

"చాలా బాగా చేశారండి. ఇలాంటి చెయ్యి నాకు లేదు," అన్నాడు. "కాకపోతే ఇది స్టీలు కదండి. పట్టా అల్యూమినియం."

"అయితే?"

"రెండూ ఒకే షెడ్డులో ఒకే వేడిలో ఉన్నాయి, నిజమే. కానీ రెండూ ఒకేలా పెరగవు కదండి. స్టీలు ఇంత పెరిగితే అల్యూమినియం దానికి రెట్టింపు పెరుగుతుంది. ఈ రేకుల కింద మీ గేజుకు సరిపోయిన పట్టా, చల్లారాక మీ గేజు కంటే పొట్టిదైపోతుంది. నా అంత కాదనుకోండి. అయినా పొట్టిదే."

గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఇక్కడ రెండు గింజలున్నాయి, కాబట్టి ఒకదాని నలుపు ఇంకొకటి చూసింది. నర్సయ్య గేజు వెనక్కి తీసుకొని గోడకు తగిలించాడు. పదకొండు రోజులు కూర్చొని ఆకురాయితో రాకిన గేజు అది. చేతిలోనే ఉన్న లోపం ముప్పై ఏళ్ళ అనుభవానికి కనిపించలేదన్న మాట మింగుడు పడలేదు. మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత రెండు రోజులు రెండు షెడ్ల పట్టాలూ బుల్లిబాబు గదిలో పక్కపక్కనే పడుకున్నాయి. గంటకోసారి కొలిచారు. చల్లారుతున్న కొద్దీ రెండూ కుంచించుకుపోతూ వచ్చాయి. నర్సయ్య పట్టా కొంచెం, బుల్లిబాబు పట్టా ఇంకొంచెం. ఆ తేడాయే బల్లను పట్టేస్తోంది. ఒక్కళ్ళే కూర్చొని ఏడాది కొలుచుకున్నా ఈ సంగతి బయటపడేది కాదు. భాస్కర్ కొలతలన్నీ కాగితం మీద రాసి ఇద్దరికీ చెరో ప్రతి ఇచ్చాడు.

గడువుకు ముందురోజు ఇద్దరూ మెట్రో ఎక్కారు. బాలానగర్ నుంచి అమీర్‌పేట, అక్కడ బండి మారి రాయదుర్గం. దారిలో ఎండల గురించి మాట్లాడుకున్నారు, మామిడికాయల గురించి మాట్లాడుకున్నారు. లోపలికి వెళ్ళి ఏం చెప్పాలన్నది మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు. అడిగితే నమ్మలేదనుకుంటాడేమోనని నర్సయ్య అడగలేదు. నిజానికి అతను నమ్మలేదు కూడా.

పదకొండో అంతస్తులో భీమేశ్వరరావు ఎదురొచ్చి, ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తామన్నాడు. ముందు బుల్లిబాబు వెళ్ళాడు. నర్సయ్య మెత్తటి సోఫాలో, అందులో కూరుకుపోకుండా అంచున కూర్చున్నాడు. గాజు గోడ అవతల బుల్లిబాబు చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తున్నాడు, కిరణ్మయి రాసుకుంటోంది. ఐదు నిమిషాలయ్యాయి, పది నిమిషాలయ్యాయి. ఇంతసేపు ఏం చెబుతాడు? చదువుకున్నవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు. స్టీలు గేజు, రేకుల షెడ్డు, పాతకాలపు పద్ధతి అని రెండు ముక్కలు చెబితే చాలు, ఈ గాజు మేడలోని వాళ్ళు నమ్మేస్తారు. నర్సయ్యకు షెడ్డులో తొమ్మిది మంది ముఖాలు వరసగా కనిపించాయి. ఇరవై నిమిషాలకు బుల్లిబాబు బయటికొచ్చి, కింద ఉంటానండి అని లిఫ్టెక్కాడు. అతని ముఖంలో ఏమీ కనిపించలేదు.

"కారణం దొరికిందా నర్సయ్య గారూ?" అంది కిరణ్మయి.

"దొరికింది మేడం. తప్పు ఎక్కువ ఆయనదే. వేడి పట్టా తెచ్చి సల్లటి గదిల కొలుస్తుండు. ఈ కాగితంల రాసి ఉన్నది, ఆయన పట్టాలే ఎక్కువ పొట్టిగున్నయి."

భీమేశ్వరరావు కుర్చీలో ముందుకు జరిగాడు. కిరణ్మయి కాగితం తీసుకొని చూసింది.

"మీవి?"

"నావి కూడ తప్పే. స్టీలు గేజుతోని అల్యూమినియం చూసిన. రేకుల కింద." అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. కానీ ముందు ఎదుటివాడి తప్పు, తర్వాత తనది. చెప్పిన వరస చెప్పిన వరసే.

"బుల్లిబాబు గారు తన తప్పొక్కటే చెప్పారు," అంది కిరణ్మయి. "ఆ వేడి మీరు చెయ్యి పెట్టి కనిపెట్టారని కూడా చెప్పారు. మీ షెడ్డు సంగతి అడిగితే, అది నర్సయ్య గారు చెప్పాలండి, ఆయన చెబుతారు అన్నారు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. నర్సయ్యకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ వయసులో, ఓ ఆడపిల్ల ముందు, బడిలో పక్కవాడి మీద చాడీ చెప్పిన పిల్లవాడిలా నిలబడాల్సి వచ్చింది.

"అయితే మొత్తం ఒకరికే ఇచ్చేద్దాం. ఎవరికో తేల్చండి చాలు," అన్నాడు భీమేశ్వరరావు.

"వద్దు సార్. ఈ తప్పు ఈయనకు ఆయన చూపించారు, ఆయనకు ఈయన చూపించారు. ఒక్కరే ఉంటే ఎవరు చూపించేవారు?" అని కిరణ్మయి నర్సయ్య వైపు తిరిగింది. "ఇద్దరికీ సగం సగమే ఉంటుంది. ఒక్కటే షరతు. ఇక నుంచి మీ సరుకు మీద బుల్లిబాబు గారి సంతకం ఉండాలి. ఆయన సరుకు మీద మీ సంతకం ఉండాలి. లేకపోతే నేను తీసుకోను."

ఆర్డరు నిలబడింది. షెడ్డు నిలబడింది. నర్సయ్యకు ఎగిరి గంతెయ్యాలనిపించాలి, అనిపించలేదు.

తిరుగు మెట్రోలో పెద్దమ్మ గుడి స్టేషన్ దాటేదాకా కూడబలుక్కొని అన్నాడు, "బుల్లిబాబు గారూ, నేను లోపల ముందుగాల మీ తప్పే చెప్పిన."

బుల్లిబాబు కిటికీలోంచి చూస్తున్నవాడు అలాగే చూస్తూ, "అబద్ధం చెప్పారాండి?" అన్నాడు.

"లే. ఉన్నదే చెప్పిన."

"అయితే ఇంకేముందండి."

అన్నాడే గానీ బాలానగర్‌లో దిగాక ముందు ముందు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కోపం వచ్చింది. రాదా మరి? మర్నాడు చాయ్ బండి దగ్గర నర్సయ్య నమస్తే పెడితే, తల ఊపీ ఊపనట్టు ఊపాడు.

కోపం కోపంగానే ఉంది, పని పనిగానే సాగింది. బుల్లిబాబు గదిలో ఓ గోడకు అరలు బిగించి, మధ్యలో పసుపు టేపు అంటించారు. ఎడమ పక్క నర్సయ్య పట్టాలు, కుడి పక్క బుల్లిబాబు పట్టాలు. ఏ పట్టా అయినా ఒక రోజంతా అక్కడ చల్లారాకే కొలవాలి. నర్సయ్య కొత్త గేజు చేశాడు, ఈసారి పట్టాల అల్యూమినియంతోనే. రంధ్రాలు వేసేటప్పుడు పట్టా వంగకుండా పట్టుకునే బిగింపులు కూడా తన చేత్తోనే రెండు జతలు చేసి, ఒక జత రోడ్డు దాటించాడు. బుల్లిబాబు వాటిని వాడుకున్నాడు, బాగున్నాయని భాస్కర్‌తో చెప్పించాడు.

ఆ వారంలోనే లిఫ్టులు తయారుచేసే వేరే కంపెనీకి ఇద్దరూ కొటేషన్లు వేశారు. బుల్లిబాబు ఓ మెట్టు కింద వేసి ఆ పని ఎగరేసుకుపోయాడు. నర్సయ్య సాయంత్రం దాకా అతన్ని నోరారా తిట్టుకున్నాడు. కార్పొరేటర్ ఫ్లెక్సీ మీద ఇంకో ఫ్లెక్సీ కప్పించాడు. పట్టాల సంగతి వేరు, మిగతా సంగతులు వేరు. ఈ రెండూ కలపకూడదని ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ తెలుసు.

జూన్ మొదటి వారంలో నర్సయ్య అరవై పట్టాల మొదటి విడత సిద్ధమైంది. బుల్లిబాబు సంతకం పెట్టాలి. పొద్దున తొమ్మిదింటికి గదిలో కూర్చున్నవాడు మధ్యాహ్నం అన్నానికి లేచి, మళ్ళీ కూర్చొని, ఐదింటి దాకా లేవలేదు. యాభై ఏడు పట్టాలకు సంతకం పెట్టి, మూడు పట్టాలు పక్కన పెట్టాడు. ఒక్కోదాని మీద మార్కరుతో ఏడో రంధ్రం చుట్టూ గీసి ఉంది.

"పగ తీర్చుకుంటుండు," అన్నాడు నర్సయ్య అంజమ్మతో. రోడ్డు దాటి వెళ్ళి, తనే భాస్కర్‌ని కూర్చోబెట్టి ఆ మూడూ మళ్ళీ కొలిపించాడు. మూడింటిలోనూ ఏడో రంధ్రం పక్కకు జరిగి ఉంది. సాయంత్రానికి డ్రిల్లు మొన అరిగితే వచ్చే తప్పు. నర్సయ్య ఎప్పుడూ మొదటి రంధ్రం, చివరి రంధ్రం చూసేవాడు. మధ్యవి చూసే అలవాటు లేదు. ఇన్నేళ్ళలో మధ్య రంధ్రం చూసి సరుకు వెనక్కి పంపిన ఖాతాదారుడు కూడా లేడు.

మూడు పట్టాలూ భుజాన వేసుకొని వచ్చి షెడ్డులో ఓ మూల పెట్టాడు.

"నిజంగనే తప్పున్నదా?" అంది అంజమ్మ.

"ఉన్నది. ముప్పై ఏండ్ల సంది పని చేస్తున్న. నా సరుకు గింత సేపు చూసినోడు ఒక్కడు లేడు," అన్నాడు. కోపమున్న మనిషే అంత నిజాయితీగా చూస్తే, కోపం లేని తను ఆ రోజు గాజు గదిలో చేసిన పని ఇంకా చిన్నగా కనిపించింది.

రెండు రోజులకు బుల్లిబాబు విడత సిద్ధమైంది. ఈసారి సంతకం నర్సయ్యది. అతను గదిలోకి వెళ్ళి, అరలోని పట్టాల వైపు ఒకసారి చూసి, భాస్కర్ ఇచ్చిన కాగితాల కట్ట ముందుకు లాక్కొని, జేబులోంచి పెన్ను తీశాడు. చేసిన తప్పుకు ఇలాగైనా బదులు తీరుతుందనుకున్నాడు. మొదటి కాగితం మీద పెన్ను పెట్టేలోపు బుల్లిబాబు చెయ్యి అడ్డం పడింది.

"ఒక్కటి కూడా చూడకుండానేనాండి?"

"మీ మీద నమ్మకమున్నది."

"నమ్మకం నాకెందుకండి? చూసి పెట్టండి. మీలా చెయ్యి పెట్టి తప్పు పట్టేవాడు నాకు ఇంకొకడు దొరకడు. చూడకుండా సంతకం పెడితే, మీరు నన్ను వదిలించుకున్నట్టే."

నర్సయ్య పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అద్దాలు మాత్రమే కాదు, కళ్ళు కూడా. మొదటి పట్టా బల్ల మీదికి దించి, మొదటి రంధ్రం నుంచి పదమూడో రంధ్రం దాకా ఒక్కటీ వదలకుండా చూశాడు. తర్వాత రెండోది. మధ్యాహ్నం అఖిల సద్ది పట్టుకొస్తే అక్కడే తిన్నాడు. సాయంత్రం ఐదున్నరకు ఆఖరి పట్టా దించి, రెండు పట్టాలు పక్కన పెట్టాడు. ఒకదానికి ఐదో రంధ్రం, ఒకదానికి తొమ్మిదో రంధ్రం.

బుల్లిబాబు రెండింటినీ భాస్కర్‌తో మళ్ళీ కొలిపించాడు. తప్పే. వాటిని చేతిలోకి తీసుకొని, మెట్రో ప్రయాణం తర్వాత మొదటిసారి నర్సయ్య ముఖంలోకి సూటిగా చూసి నవ్వాడు.

"మీకు మూడండి, నాకు రెండే," అన్నాడు.